నీట్‌లో హోమియోస్టాసిస్: ఐదు చాప్టర్లను ఒక్కటిగా ఎలా చదవాలి

“హోమియోస్టాసిస్ ఏ చాప్టర్‌లో ఉంది సార్?” నీట్‌కు చదివే పిల్లలు ఏటా అడిగే ప్రశ్న ఇది. ఫస్టియర్ వాళ్లు అడుగుతారు, లాంగ్ టర్మ్ వాళ్లూ అడుగుతారు, ఈ మధ్య వాళ్ల నాన్నలు కూడా వాట్సాప్‌లో అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా చెప్పేకన్నా ఒకచోట రాసిపెడితే నయమని ఇది రాస్తున్నాను.

హోమియోస్టాసిస్ అంటే బయట ఏం మారినా ఒంటి లోపలి పరిస్థితిని శరీరం నిలకడగా ఉంచుకోవడం. ఆ పేరుతో చాప్టరేదీ లేదు. ఇబ్బందంతా అక్కడే ఉంది. ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీలో శ్వాస (14), రక్తప్రసరణ (15), విసర్జన (16), నాడీ నియంత్రణ (18), హార్మోన్లు (19), ఈ ఐదు పాఠాల్లో ఇది ముక్కలుముక్కలుగా పడి ఉంది. విసర్జన పాఠంలో ఏడీహెచ్ (మూత్రంలో నీరు ఎక్కువ పోకుండా చూసే హార్మోను) వస్తుంది. హార్మోన్ల పాఠంలో మళ్లీ వస్తుంది. రెంటి మధ్యా నెల రోజుల తేడా ఉంటుంది కాబట్టి అది వేరే ఏడీహెచ్ అన్నట్టు చదువుతారు. చాప్టర్ టెస్టులో మంచి మార్కులొస్తాయి, గ్రాండ్ టెస్టులో అదే బిట్టు తప్పు పోతుంది.

నేను దిద్దిన పేపర్లలో ఈ బిట్లు తప్పుపోయేది ఎక్కువగా గుర్తులేక కాదు. పెరిగిందా తగ్గిందా అన్నది తారుమారై తప్పుపోతాయి. కింది పద్ధతంతా ఆ ఒక్క జబ్బుకు మందు.

ఏమేం కావాలి

- ఎన్‌సీఈఆర్‌టీ పదకొండో తరగతి బయాలజీ, ఇప్పుడు అమ్ముతున్న ఎడిషన్. సీనియర్ల దగ్గర తెచ్చుకున్న పాత పుస్తకమైతే చాప్టర్ నంబర్లు కలవవు (అందులో విసర్జన 19, హార్మోన్లు 22). సిలబస్ కుదింపులో పోయిన భాగాలు కూడా అందులో ఉంటాయి, అనవసరంగా చదువుతారు.
- మీ ఇంటర్ జువాలజీ పుస్తకం. శరీరధర్మ పాఠాలు చాలామందికి రెండో ఏడాదిలో ఉంటాయి. బోర్డు పుస్తకం మారి ఉంటే చూసుకోండి.
- గీతల్లేని తెల్లకాగితాలు ఓ ఇరవై. నీలం పెన్ను ఒకటి, ఎర్ర పెన్ను ఒకటి.
- పాత నీట్ పేపర్లు, అధికారిక కీతో సహా.
- రోజుకు గంటన్నర చొప్పున వారం రోజులు.

లావుపాటి గైడు అక్కర్లేదు. హైలైటర్లు అసలే వద్దు. పేజీ అంతా పసుపు పూసుకున్న పుస్తకాలు చాలా చూశాను, ఆ పసుపులో చదివినవాళ్లకు ఏ లైను ముఖ్యమో చివరికి తెలియదు.

తెలుగు మీడియంలో రాసేవాళ్లకు ఒక మాట. మీ పేపర్లో ఇంగ్లిషు, తెలుగు రెండూ ఉంటాయి. రెంటికీ తేడా వస్తే ఇంగ్లిషు ప్రశ్నే చెల్లుతుంది. అందుకని సంవళిత నాళిక, పునఃశోషణం లాంటి ప్రతి మాట పక్కనా ఇంగ్లిషు మాట కూడా మొదటిరోజు నుంచే రాసుకోండి.

1. ముందు లైన్లు ఏరుకోండి

మొదటిరోజు చదవొద్దు, వెతకండి. ఐదు చాప్టర్లూ తిరగేసి, ఏదైనా ఒకటి పెరిగినా తగ్గినా శరీరం దాన్ని సరిచేస్తుందని చెప్పే వాక్యాల పక్కన మార్జిన్‌లో చిన్న చుక్క పెట్టండి. అండర్‌లైన్ వద్దు, చుక్క చాలు.

14లో ‘శ్వాస నియంత్రణ’, 15లో ‘హృదయ క్రియ నియంత్రణ’, 16లో ‘మూత్రపిండ క్రియ నియంత్రణ’ అన్న చిన్న భాగాలుంటాయి. 18లో హైపోథలామస్ మీద నాలుగు లైన్లు. 19లో పీయూష గ్రంథి, థైరాయిడ్, పారాథైరాయిడ్, అడ్రినల్, క్లోమం. ఇంతే. అన్నీ కలిపినా కొన్ని పేజీలకు మించవు. ఈ సంగతి కళ్లారా చూస్తే సగం భయం పోతుంది.

17వ చాప్టర్ (కండరాలు, ఎముకలు) వదిలేయొచ్చు గానీ చివర్లో టెటనీ అని ఒక లైను ఉంటుంది, దానికీ చుక్క పెట్టండి. తర్వాత పనికొస్తుంది.

2. ఒక్కో కాగితం మీద ఐదు గళ్లు గీయండి

ఒక సర్దుబాటుకు ఒక కాగితం. ప్రతి కాగితం మీదా ఇవే ఐదు ప్రశ్నలు, ఇదే వరసలో:

1. ఏది మారింది? పెరిగిందా, తగ్గిందా?
2. ఎవరు పసిగట్టారు?
3. కబురు ఏది? హార్మోనా, నాడా?
4. ఎవరు పనిచేశారు, ఏం చేశారు?
5. ఎప్పుడు, ఎందుకు ఆగింది?

ఇంటి మీద ట్యాంకులో ఫ్లోట్ స్విచ్ ఉంటుంది చూడండి, నీళ్లు తగ్గితే మోటారు వేస్తుంది, నిండితే అదే ఆపేస్తుంది. ఐదో గడి అంటే ఆ ఆపడం. నెగెటివ్ ఫీడ్‌బ్యాక్ గురించి నీట్‌కు ఇంతకన్నా థియరీ అవసరం లేదు.

ఐదో గడిని పిల్లలు ఖాళీగా వదిలేస్తారు. హార్మోను పని చెప్పేశాం కదా, అయిపోయిందనుకుంటారు. వదలొద్దు. అసర్షన్-రీజన్ బిట్లు, స్టేట్‌మెంట్ బిట్లు అడిగేది తరచుగా ఈ గడి మీదే.

ఇంకో జాగ్రత్త. కాన్పు సమయంలో ఆక్సిటోసిన్ వల్ల సంకోచాలు, ఆ సంకోచాల వల్ల మరింత ఆక్సిటోసిన్, ఇది పాజిటివ్ ఫీడ్‌బ్యాక్. అక్కడ మార్పు సర్దుకోదు, బిడ్డ బయటికి వచ్చేదాకా పెరుగుతూ పోతుంది. దాన్ని ఈ కాగితాల్లో కలపకండి, విడిగా ఒక మూల రాసుకోండి.

3. గ్లూకోజుతో మొదలుపెట్టండి

ఇది తేలిక, చేయి కుదురుతుంది. కాగితాన్ని నిలువునా సగం చేయండి.

ఎడమవైపు: టిఫిన్ తిని గంటయింది. రక్తంలో గ్లూకోజు పెరిగింది. పసిగట్టింది క్లోమంలోని లాంగర్‌హాన్స్ పుటికల్లో బీటా కణాలు. కబురు ఇన్సులిన్. కాలేయ కణాలు, కొవ్వు కణాలు గ్లూకోజును లోపలికి తీసుకున్నాయి, గ్లూకోజు గ్లైకోజెన్‌గా మారింది. గ్లూకోజు తగ్గింది, ఇన్సులిన్ స్రావం కూడా తగ్గింది.

కుడివైపు: ఏకాదశి ఉపవాసం, సాయంత్రమైంది. గ్లూకోజు తగ్గింది. పసిగట్టింది ఆల్ఫా కణాలు. కబురు గ్లూకగాన్. కాలేయంలో గ్లైకోజెన్ విడిపోయింది, కొత్త గ్లూకోజు కూడా తయారైంది, కణాలు గ్లూకోజును వాడుకోవడం తగ్గింది. గ్లూకోజు మామూలు స్థాయికి వచ్చింది, గ్లూకగాన్ తగ్గింది.

ఇక్కడ రెండో గడిలో ‘హైపోథలామస్’ అని రాసేవాళ్లు ఎందరో! అలవాటుగా రాసేస్తారు. ఈ సర్దుబాటులో పసిగట్టేదీ కబురు పంపేదీ ఒకే కణం. పీయూష గ్రంథి ఆజ్ఞ కోసం అది ఎదురుచూడదు.

కాగితం అడుగున ఎర్ర పెన్నుతో ఒక లైను రాయండి: గ్లూకోజు పెంచేవి గ్లూకగాన్, అడ్రినలిన్, నార్‌అడ్రినలిన్, గ్లూకోకార్టికాయిడ్లు. తగ్గించేది ఇన్సులిన్. ‘కింది వాటిలో భిన్నమైనది ఏది’ అన్న బిట్టుకు ఈ లైను సరిపోతుంది.

4. నీళ్లు, ఉప్పు: రెండు రోజులు కేటాయించండి

అసలు మార్కులు ఇక్కడున్నాయి, అసలు తికమకా ఇక్కడే. హడావుడి వద్దు.

*మొదట నెఫ్రాన్ (మూత్రపిండంలో వడపోసే సన్నటి గొట్టం) బొమ్మ.* హార్మోన్ల జోలికి పోకుండా ఉత్త గొట్టం గీయండి. అందంగా రానక్కర్లేదు. బౌమన్ గుళిక, మెలికలు తిరిగిన మొదటి నాళిక (పీసీటీ), హెన్లీ శిక్యం, రెండో మెలికల నాళిక (డీసీటీ), సంగ్రహణ నాళం. ఇప్పుడు నీళ్లకు నీలం బాణాలు, ఉప్పుకు ఎర్ర బాణాలు వేయండి:

- పీసీటీ: రెండూ బయటికి, బోలెడన్ని. ఎలక్ట్రోలైట్లలో, నీళ్లలో 70–80 శాతం ఇక్కడే వెనక్కి పోతాయి.
- హెన్లీ శిక్యం దిగే భుజం: నీలం మాత్రమే. ఎలక్ట్రోలైట్లకు దాదాపు దారి లేదు.
- ఎక్కే భుజం: ఎరుపు మాత్రమే. నీటికి దారి లేదు.
- డీసీటీ: రెండూ, కానీ అవసరాన్ని బట్టి.
- సంగ్రహణ నాళం: నీలం బాగా. కొంచెం యూరియా మెడుల్లాలోకి.

బాణాలు వేశాక మీకు మీరే ఒక ప్రశ్న వేసుకోండి. దిగే భుజం చివర ద్రవం చిక్కగా ఉంటుందా, పలచగా ఉంటుందా? నీళ్లు పోయి ఉప్పు మిగిలింది కాబట్టి చిక్కన. ఎక్కే భుజం పైకి వచ్చేసరికి ఉప్పు పోయింది, పలచన. ఈ రెండు జవాబులు బట్టీ పట్టకుండా బొమ్మ చూసి చెప్పగలిగితేనే ముందుకు వెళ్లండి. చెప్పలేకపోతే బొమ్మ మళ్లీ గీయండి, ఇంకో మార్గం లేదు.

కౌంటర్ కరెంట్ (పక్కపక్కనే ఎదురెదురు దిశల్లో ప్రవాహం) గురించి ఎక్కువ బెంగ వద్దు. మూత్రపిండం వెలుపలి భాగమైన వల్కలంలో 300, లోపలి మెడుల్లాలో 1200 మిల్లీ ఆస్మాల్, ఈ మెట్లను నిలబెట్టేది సోడియం క్లోరైడ్, యూరియా. నిలబెట్టే ఏర్పాటు హెన్లీ శిక్యం, పక్కనే సాగే సన్నటి రక్తనాళం వాసా రెక్టా. ఈ మెట్లు ఎందుకంటే, సంగ్రహణ నాళం ఆ చిక్కటి మెడుల్లా గుండా దిగుతుంది కాబట్టి అందులోంచి నీళ్లు బయటికి లాగబడతాయి.

*తర్వాత మూడు కాగితాలు.* ఏడీహెచ్‌కు ఒకటి, రెనిన్–ఆంజియోటెన్సిన్‌కు ఒకటి, ఏఎన్‌ఎఫ్‌కు (ఏట్రియల్ నేట్రియూరెటిక్ ఫ్యాక్టర్) ఒకటి. మొదటిదాన్ని ఉదాహరణతో చేద్దాం, అదీ మీకు జరగబోయేదే.

నీట్ మామూలుగా మే నెలలో, మధ్యాహ్నం పూట జరుగుతుంది. విజయవాడలోనో ఖమ్మంలోనో పరీక్ష సెంటరు. ఎండలో బస్సు దిగి నడిచారు. గేటు దగ్గర చెకింగ్ లైను. చొక్కా తడిసిపోయింది, నీళ్లు తాగలేదు. ఇప్పుడు గళ్లు నింపండి.

1. చెమట వల్ల ఒంట్లో నీరు తగ్గింది, రక్తం ఘనపరిమాణం తగ్గింది, ద్రవాభిసరణ గాఢత పెరిగింది.
2. పసిగట్టినవి ఆస్మోరిసెప్టార్లు (గాఢతను పసిగట్టే గ్రాహకాలు). అవి హైపోథలామస్‌ను ప్రేరేపించాయి.
3. కబురు ఏడీహెచ్. తయారైంది హైపోథలామస్‌లో, విడుదలైంది పీయూష గ్రంథి వెనక భాగం నుంచి.
4. నాళిక చివరి భాగాల్లో నీటి పునఃశోషణం పెరిగింది. మూత్రం కొంచెమే, ముదురు పసుపు రంగులో. దాహం కూడా వేసింది.
5. గేటు లోపల నీళ్లు తాగారు, ఘనపరిమాణం పెరిగింది, ఆస్మోరిసెప్టార్లు ఊరుకున్నాయి, ఏడీహెచ్ తగ్గింది.

మూడో గడిలో రెండు చోట్లున్నాయని గమనించండి, తయారయ్యేచోటు వేరు, విడుదలయ్యేచోటు వేరు. బిట్టులో ‘సంశ్లేషణ’ అని ఉందా, ‘విడుదల’ అని ఉందా? ఆ మాట కింద పెన్నుతో గీత గీసి అప్పుడు ఆప్షన్లు చూడండి.

రెండో కాగితానికి మొదటి గడి వేరు. ఇక్కడ మారేది గ్లోమెరులస్‌లో (బౌమన్ గుళికలోని రక్తకేశనాళికల గుచ్ఛం) రక్తప్రవాహం, పీడనం లేదా జీఎఫ్‌ఆర్ (నిమిషానికి వడపోతకు వచ్చే ద్రవం), ఏదైనా తగ్గాలి. పసిగట్టేది జక్స్‌టాగ్లోమెరులార్ కణాలు. అవి రెనిన్ వదులుతాయి. ఆంజియోటెన్సినోజెన్ ఆంజియోటెన్సిన్ ఒకటిగా, అది రెండుగా మారుతుంది. ఆంజియోటెన్సిన్ రెండు చేసే పనులు రెండు: రక్తనాళాలను కుదిస్తుంది, అడ్రినల్ వల్కలం నుంచి ఆల్డోస్టిరాన్‌ను విడుదల చేయిస్తుంది. ఆల్డోస్టిరాన్ వల్ల నాళిక దూరపు భాగాల్లో సోడియం, నీరు వెనక్కి వస్తాయి. పీడనం, జీఎఫ్‌ఆర్ పెరుగుతాయి.

మూడోది చిన్నది, అయినా వదిలేయడానికి లేదు. గుండె కర్ణికల్లోకి రక్తం ఎక్కువగా వస్తే ఏఎన్‌ఎఫ్ విడుదలవుతుంది. రక్తనాళాలను వెడల్పు చేస్తుంది, పీడనం తగ్గిస్తుంది. అంటే రెనిన్ దారికి పగ్గం. రెండో కాగితం, మూడో కాగితం పక్కపక్కన పెట్టి చూడండి, ప్రతి గడీ ఎదురెదురుగా ఉండాలి. ఎక్కడైనా రెండు బాణాలూ ఒకేవైపు ఉంటే ఏదో ఒకటి తప్పు రాశారు.

5. శ్వాస: ఒకసారి ఊపిరి బిగపట్టి చూడండి

కాసేపే. పోటీలు వద్దు, ఉబ్బసం ఉన్నవాళ్లు అసలే వద్దు. బిగపట్టాక ఇక ఆగలేమనిపించే క్షణం వస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో ఆ తహతహకు ప్రధాన కారణం పెరిగిన కార్బన్ డయాక్సైడ్, దానివల్ల పెరిగిన హైడ్రోజన్ అయాన్లు. చాలామంది ఆక్సిజన్ తగ్గడం అని టిక్కు పెడతారు.

కాగితం మీద: మారింది కార్బన్ డయాక్సైడ్, హైడ్రోజన్ అయాన్లు (పెరిగాయి). పసిగట్టింది మెడుల్లాలో శ్వాస లయ కేంద్రం పక్కనే ఉన్న రసాయన గ్రాహక ప్రాంతం, ఇంకా మహాధమని చాపం, కెరోటిడ్ ధమనుల దగ్గరి గ్రాహకాలు. కబురు నాడుల ద్వారా, హార్మోను కాదు. పని శ్వాస కండరాలది. పాన్స్‌లో ఉన్న న్యూమోటాక్సిక్ కేంద్రం ఉచ్ఛ్వాస కాలాన్ని తగ్గించగలదు.

ఇక్కడో హెచ్చరిక. శ్వాస లయ నియంత్రణలో ఆక్సిజన్ పాత్ర లెక్కలోకి రానంత తక్కువ అని ఎన్‌సీఈఆర్‌టీ చెబుతుంది. పెద్ద ఫిజియాలజీ పుస్తకాల్లో, ఆక్సిజన్ బాగా పడిపోతే కెరోటిడ్ గ్రాహకాలు స్పందిస్తాయని ఉంటుంది. రెండూ వాటి వాటి స్థాయిలో సరైనవే. పరీక్షలో మాత్రం ఎన్‌సీఈఆర్‌టీ మాటకే మార్కు. ఎంబీబీఎస్‌లో చేరాక మిగతాది తీరిగ్గా వాదించుకోవచ్చు.

ఈ కాగితం చివర పీహెచ్‌కు రెండు లైన్లు: ఊపిరితిత్తులు కార్బన్ డయాక్సైడ్‌ను పంపేసి నిమిషాల్లో సర్దుతాయి. మూత్రపిండాలు హైడ్రోజన్ అయాన్లు, అమ్మోనియా బయటికి పంపి, బైకార్బొనేట్‌ను వెనక్కి తీసుకుని నిదానంగా సర్దుతాయి.

6. కాల్షియం, ఉష్ణోగ్రత: ఒక్క పూటలో ముగించండి

కాల్షియం తగ్గితే పారాథైరాయిడ్ హార్మోను. ఎముకల్లోంచి కరిగిస్తుంది, మూత్రపిండంలో వెనక్కి తెస్తుంది, ఆహారం నుంచి శోషణ పెంచుతుంది. మూడు చోట్లా పని ఒకటే, రక్తంలో కాల్షియం పెంచడం. పెరిగితే థైరాయిడ్ నుంచి థైరోకాల్సిటోనిన్, అది తగ్గిస్తుంది. 17వ చాప్టర్లో చుక్క పెట్టిన టెటనీ గుర్తుందా? శరీర ద్రవంలో కాల్షియం తగ్గితే కండరాలు తీవ్రంగా బిగుసుకుపోవడం. దాన్ని ఈ కాగితం మీదికి తెచ్చుకోండి.

ఉష్ణోగ్రతకు ఎన్‌సీఈఆర్‌టీలో విడి భాగమేమీ లేదు. హైపోథలామస్‌లో ఉష్ణోగ్రత, ఆకలి, దాహం కేంద్రాలున్నాయి. ఒళ్లు వేడెక్కితే చర్మంలో రక్తనాళాలు వెడల్పవుతాయి, చెమట పడుతుంది. చల్లబడితే నాళాలు కుదించుకుంటాయి, వణుకు వస్తుంది. చెమట ముఖ్యంగా చల్లబరచడానికే, దాంతోపాటు ఉప్పు, కొంచెం యూరియా, లాక్టిక్ ఆమ్లం కూడా పోతాయి. చాలు.

7. అంకెలను లెక్క కట్టి గుర్తుపెట్టుకోండి

అంకెల పట్టిక గోడకు అంటించుకునే పిల్లలుంటారు. గోడ చూస్తే గుర్తుంటాయి, పరీక్ష హాల్లో గోడ ఉండదు. ఒక అంకె నుంచి ఇంకోటి రాబట్టడం నేర్చుకోండి:

- ఒక్కసారికి 70 మి.లీ., నిమిషానికి 72 సార్లు. గుణిస్తే 5040, అంటే గుండె నిమిషానికి పంపేది 5 లీటర్లు.
- అందులో ఇంచుమించు ఐదో వంతు మూత్రపిండాలకు: 1100–1200 మి.లీ.
- దాంట్లోంచి వడపోతకు వచ్చేది నిమిషానికి 125 మి.లీ. దాన్ని 1440తో గుణిస్తే రోజుకు 180 లీటర్లు.
- మూత్రం లీటరున్నర. అంటే దాదాపు 99 శాతం వెనక్కి పోయింది.
- 300ను 4తో గుణిస్తే 1200. మూత్రాన్ని వడపోత ద్రవం కన్నా నాలుగు రెట్ల దాకా చిక్కబరచగలం.

కార్బన్ డయాక్సైడ్ రవాణా (బైకార్బొనేట్‌గా 70, హీమోగ్లోబిన్‌తో 20–25, కరిగి 7 శాతం), వాయుకోశంలో ఆక్సిజన్ పాక్షిక పీడనం 104, కార్బన్ డయాక్సైడ్‌ది 40, ఇవి మాత్రం లెక్కకు లొంగవు. రాసిరాసి గుర్తుపెట్టుకోవాల్సిందే.

8. కాగితాన్ని బిట్లుగా మార్చండి

ప్రతి కాగితం నుంచి మీరే నాలుగు బిట్లు తయారుచేయండి. పద్ధతి తేలిక: ఏదో ఒక గడిని తలకిందులు చేసి తప్పు వాక్యం రాయండి. “ఎక్కే భుజం నీటికి పారగమ్యం.” “రక్త ఘనపరిమాణం పెరిగితే ఏడీహెచ్ పెరుగుతుంది.” “ఏఎన్‌ఎఫ్ రక్తనాళాలను కుదిస్తుంది.” మీ పక్కన కూర్చునేవాళ్లతో మార్చుకుని చేయండి. ఒంటరిగా చదివేవాళ్లు ఇవాళ రాసిన బిట్లను మూడు రోజులాగి చేయండి. తప్పు వాక్యం ఎలా పుడుతుందో తెలిసినవాళ్లకు ఆప్షన్లలోని వల కనబడుతుంది.

ఎక్కువగా జరిగే తప్పులు

రెండు డయాబెటిస్‌లను కలిపేయడం అన్నింటికన్నా ముందుంటుంది. మెల్లిటస్‌లో లోపం ఇన్సులిన్‌ది, మూత్రంలో గ్లూకోజు, కీటోన్లు కనిపిస్తాయి. ఇన్సిపిడస్‌లో లోపం ఏడీహెచ్‌ది, మూత్రం ఎక్కువ, పలచన, గ్లూకోజు ఉండదు. దాహం, అతిమూత్రం రెంటిలోనూ ఉంటాయి కాబట్టి వాటిని బట్టి తేల్చకండి.

రెనిన్‌ను హార్మోను అని రాయడం ఇంకోటి. అది ఎంజైము. ఈ గొలుసులో అడ్రినల్ దాకా వెళ్లి పని చెప్పేది ఆంజియోటెన్సిన్ రెండు.

ఏడీహెచ్, ఆల్డోస్టిరాన్ ఒకే పని చేస్తాయనుకోవడం కూడా చూస్తుంటాను. ఏడీహెచ్ నీటిని తెస్తుంది. ఆల్డోస్టిరాన్ సోడియంతో పాటు నీటిని తెస్తుంది. బిట్టులో సోడియం మాట వస్తే చేయి ఆల్డోస్టిరాన్ వైపు పోవాలి.

గ్లూకగాన్ కండరాల మీద పనిచేస్తుందని రాసేవాళ్లున్నారు. అది ముఖ్యంగా కాలేయం మీద. కండరంలోని గ్లైకోజెన్ ఆ కండరం వాడకానికే, రక్తంలోకి గ్లూకోజుగా రాదు.

ఏడీహెచ్‌కు రక్తనాళాలను కుదించే గుణం కూడా ఉంది, దానివల్ల రక్తపీడనం పెరుగుతుంది, దాంతో జీఎఫ్‌ఆర్ పెరగొచ్చు. ఈ లైను ఎన్‌సీఈఆర్‌టీలో ఉన్నా సగం మంది దాటేస్తారు.

వచ్చిందో లేదో ఎలా తెలుసుకోవాలి

చదివిన మర్నాడు పొద్దున్నే పుస్తకం ముట్టుకోకుండా తెల్లకాగితం మీద ఐదు గళ్లు నింపండి. ఐదు నిమిషాలు చాలు. తర్వాత పుస్తకం తెరిచి ఎర్ర పెన్నుతో దిద్దండి. ఎరుపు ఏ గడిలో పడిందో చూడండి. అందరికీ ఒకే గడిలో పడదు, ఒకరికి రెండు, ఇంకొకరికి ఐదు. మీ గడి ఏదో తెలిస్తే రివిజన్‌లో దాన్నే చూడండి, కాగితమంతా చదవక్కర్లేదు.

రెండో పరీక్ష, తిప్పి చెప్పడం. చెమట పట్టిన కుర్రాడి లెక్క చేశారు కదా, అదే కుర్రాడు ఒక్కసారిగా రెండు లీటర్ల నీళ్లు తాగేస్తే? ఐదు గళ్లూ తిరగబడాలి. ఎక్కడైనా తడబడితే మొదటిది బట్టీ పట్టారన్నమాట.

మూడోది, గడి చెరిపేయడం. ఇన్సులిన్ గడి చెరిపితే డయాబెటిస్ మెల్లిటస్. ఏడీహెచ్ గడి చెరిపితే ఇన్సిపిడస్. పారాథైరాయిడ్ హార్మోను గడి చెరిపితే కాల్షియం పడిపోయి టెటనీ. జబ్బులను విడిగా బట్టీ పట్టే పని తప్పుతుంది.

చివరగా పాత పేపర్ల నుంచి ఈ ఐదు చాప్టర్లవి కలిపి ఇరవై బిట్లు, గడియారం పెట్టుకుని పదిహేను నిమిషాల్లో. పదహారు దాటితే తర్వాతి టాపిక్‌కు వెళ్లండి. దాటకపోతే తప్పు పోయిన ప్రతి బిట్టు పక్కన ఒక అక్షరం వేయండి: దిశ తారుమారైతే ‘ది’, చోటు తప్పైతే ‘చో’, అంకె తప్పైతే ‘అం’. ‘ది’లు ఎక్కువుంటే నెఫ్రాన్ బాణాలు, రెండో మెట్టు మళ్లీ. ‘చో’లు ఎక్కువుంటే ఎవరు ఎక్కడ తయారవుతారో, ఎక్కడ విడుదలవుతారో పట్టిక రాసుకోండి. ‘అం’లు ఎక్కువుంటే ఏడో మెట్టు. ‘సిల్లీ మిస్టేక్’ అని మాత్రం రాయకండి. ఒక్క తప్పుకు పోయేది ఐదు మార్కులు, రావాల్సిన నాలుగు, పైగా కోసుకునే ఒకటి. దానికి అసలు కారణం ఈ మూడింటిలో ఏదో ఒకటి అయ్యుంటుంది.

వారం లేకపోతే

పరీక్ష దగ్గరపడి రెండు రోజులే ఉంటే నాలుగో మెట్టు పూర్తిగా చేయండి, గ్లూకోజు కాగితం ఒకటి చేయండి, ఏడో మెట్టులో అంకెలు ఒకసారి లెక్క కట్టండి. మిగతావి చుక్కలు పెట్టిన లైన్లు చదువుకుంటే సరిపోతుంది.

లాంగ్ టర్మ్ వాళ్లు మొదటి రెండు మెట్లు వదిలేసి నేరుగా ఇరవై బిట్లతో మొదలుపెట్టొచ్చు. మీకు ఇదంతా ఒకసారి వచ్చినదే, ఎక్కడ తారుమారవుతోందో తెలిస్తే చాలు. ఎరుపు పడిన గడుల కాగితాలే గీయండి.

బొమ్మ గీయడం బొత్తిగా రానివాళ్లు నెఫ్రాన్‌ను ఐదు పెట్టెలుగా వరసగా గీసి బాణాలు వేసుకోండి. నీట్‌లో బొమ్మకు మార్కుల్లేవు. అయితే అదే పాఠం ఇంటర్ పబ్లిక్ పరీక్షలో వస్తుంది, అక్కడ నెఫ్రాన్ బొమ్మ సరిగ్గా గీసి భాగాలు గుర్తించాలి. రెంటికీ రాసేవాళ్లు మొదటినుంచీ అసలు బొమ్మే గీయండి.